ఏ రాజ్‌పుత్? ఏ ఖుక్రీ?

చిరంజీవికి,

ఆశీస్సులు. యుద్ధనౌకల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఓడలంటే నీకున్న ఇష్టం ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ ఒకచోట మనసు చివుక్కుమంది. 2021 మేలో విశాఖలో సేవలు ముగించిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్, 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచిన ఓడేనని రాశావు. 1971 నాటికి ఆ ఓడ పుట్టనేలేదు. అది 1980లో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరింది. విశాఖ తీరంలో ఘాజీ మీద డెప్త్ చార్జీలు, అంటే నీటి లోతులో పేలే బాంబులు, వేసిన రాజ్‌పుత్ వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకగా తిరిగి, 1949లో మన చేతికి వచ్చిన పాత డిస్ట్రాయర్ అది. ఘాజీ మునకకు లోపలి పేలుడో, తనే నీళ్లలో పెట్టిన మైనో (పేలుడు పరికరం) కారణమని పాకిస్తాన్ వాదన. అదీ ఒక వాక్యంలో చెప్పు.

పేరు రాసే ముందు అది ఏ సంవత్సరపు ఓడో రాయి. ఆ ఓడల్లో పనిచేసినవాళ్లు నీ వ్యాసం చదువుతారు. ఒకరి కష్టాన్ని ఇంకొకరి ఖాతాలో వేస్తే వాళ్లకు తగులుతుంది.

విక్రాంత్‌తో ఇంకా జాగ్రత్త. ఆ పేరుతో మనకు రెండు విమానవాహక నౌకలు. రెండింటికీ ఆర్11 అనే నంబరే, రుగ్వేదంలోని ‘జయేమ సం యుధి స్పృధః’ అనే నినాదమే. 1961లో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో మన నౌకాదళంలో చేరిన మొదటిది సుమారు 20 వేల టన్నులది. దాని డెక్ మీంచి లేచిన విమానాలే 1971లో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. కొచ్చిలో కట్టిన రెండోది సుమారు 45 వేల టన్నులు. అది నీళ్లలోకి దిగింది 2013లో, నౌకాదళంలో చేరింది 2022లో. మన పత్రికలు ఈ రెండు సందర్భాలకూ ‘జలప్రవేశం’ అనే రాసేస్తాయి. నువ్వు ఆ మాటను నీళ్లలోకి దిగిన సందర్భానికే ఉంచు.

ఇక మన యుద్ధనౌక ఖుక్రీ. దానికి నువ్వు రెండు వాక్యాలే ఇచ్చావు. నీ వ్యాసానికి గుండె అక్కడే ఉందని నా నమ్మకం. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూకు దూరంగా, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో దాన్ని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడిచి రాలేదు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు.

అంతమందిని పోగొట్టుకున్న పేరును 1989లో కొత్త కార్వెట్‌కు, అంటే ఒక చిన్న యుద్ధనౌకకు, పెట్టారు. మధ్యలో 18 ఏళ్లు. ఆ పేరున్న ఓడలో మొదటిసారి డ్యూటీకి ఎక్కిన కుర్రాడికి ఎలా ఉండి ఉంటుంది? పోయినవాళ్ల పిల్లలు అప్పటికి ఎంతవాళ్లయి ఉంటారు? టన్నులు, వేగాలు ఎక్కడైనా దొరుకుతాయి. వీటికి జవాబు కావాలంటే మనుషుల దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. నీ వయసుకు ఓపిక ఉంది, వెళ్లు. అడిగేముందు వాళ్లు మాట్లాడదలచుకున్నారో లేదో కనుక్కో. వద్దంటే వచ్చేయి.

మళ్లీ పెట్టని పేర్లూ ఉన్నాయి. 1941లో బ్రిటన్ యుద్ధనౌక హుడ్ మునిగినప్పుడు 1,418 మందిలో ముగ్గురే మిగిలారు. ఆ తర్వాత ఏ బ్రిటిష్ యుద్ధనౌకకూ ఆ పేరు పెట్టలేదు. ఖుక్రీ పక్కన ఇది ఒక్క పేరా చాలు, సాగదీయకు.

రెండో ఖుక్రీ 2021 డిసెంబర్‌లో విశాఖలో సేవలు ముగించింది. తర్వాత దాన్ని స్మారకంగా ఉంచడానికి డయ్యూకే అప్పగించారు. నీ వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టి చూడు. తిరగరాశాక నాకు పంపు, తేదీలన్నీ నీతో కలిసి సరిచూస్తాను.

నీ మేలు కోరే,
పెద్దాయన