అంబులెన్స్ వచ్చేదాక చేయాల్సింది మీరే

ఊళ్లో మనిషి సోయి తప్పి పడిపోతే వాకిలి నిండా జనం చేరతారు. ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపిస్తారు, ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు, ఇంకొకరు ఆర్‌ఎంపీ డాక్టరును తేవడానికి బండి తీస్తారు. అందులో సగం చేయకూడని పనులే, కానీ మనుషులైతే ఉంటారు. దేవరకొండ నుంచో నాగర్‌కర్నూల్ నుంచో ఈ మధ్యనే వచ్చి డల్లాస్‌లో, బర్మింగ్‌హామ్‌లో, బెర్లిన్‌లో నలుగురు కలిసి ఇల్లు తీసుకున్నవాళ్లకు అర్ధరాత్రి అదే కష్టం వస్తే పక్కన ఉండేది రూమ్మేట్ ఒక్కడే. అందుకే ప్రతి ఇంట్లో కనీసం ఇద్దరికి ప్రథమ చికిత్స రావాలి. ఒక్కడికే వస్తే చాలదు, పడిపోయేది ఆ ఒక్కడే కావచ్చు.

ముందు నంబరు సంగతి. అమెరికా, కెనడాల్లో 911. బ్రిటన్‌లో 999. జర్మనీ, ఐర్లాండ్‌తో సహా యూరప్ అంతా 112. ఆస్ట్రేలియాలో 000, న్యూజిలాండ్‌లో 111. యూఏఈలో అంబులెన్స్‌కు 998, సౌదీలో 997, ఖతార్‌లో 999, కువైట్‌లో 112. ఫోన్ ఎత్తగానే జరిగింది చెప్పడం కన్నా ముందు అడ్రస్ చెప్పండి: బిల్డింగ్ నంబరు, వీధి, ఏ అంతస్తు, ఏ ఫ్లాట్. మధ్యలో లైను తెగినా బండి బయలుదేరుతుంది. మొబైల్ ఫోన్ మీరున్న బిల్డింగును చూపించినా అంతస్తును చూపించలేకపోవచ్చు. మాట తడబడితే 'తెలుగు ఇంటర్‌ప్రెటర్' అని అడగండి, చాలా కేంద్రాలు ఫోన్‌లోనే దుబాసీని కలుపుతాయి. అవతలివాళ్లు పెట్టేయమనేదాక ఫోన్ పెట్టేయొద్దు. స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచితే ఏం చేయాలో వాళ్లే ఒక్కొక్కటి చెప్తుంటారు. ఇంట్లో ఇంకొకరుంటే కిందికి పంపండి. గేటు కోడ్ తెలియక బండి బయటే ఆగిపోవడం మామూలే.

'అంబులెన్స్ పిలిస్తే బిల్లు మోత మోగుతుంది కదా, ఊబర్‌లో పోతే కాదా?' కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. అమెరికాలో 911కు ఫోన్ చేసినందుకు డబ్బు తీసుకోరు. బండిలో తీసుకుపోతే బిల్లు వస్తుంది, అదీ పెద్దగానే ఉంటుంది. కానీ 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆసుపత్రి డబ్బు, ఇన్సూరెన్స్ ఉన్నాయా లేదా అన్నదానితో పని లేకుండా ముందు మనిషిని పరీక్షించాలి, ప్రాణాపాయం ఉంటే నిలబెట్టాలి. బిల్లు తర్వాత చూసుకోవచ్చు. వివరంగా పద్దుల వారీగా బిల్లు అడగండి, ఆర్థిక సాయం దరఖాస్తు అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులు అలాంటి పథకం పెట్టి తీరాలి. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఆగని రక్తం, ఊపిరాడకపోవడం అయితే ఊబర్ మాట ఎత్తొద్దు. కారులో మందూ ఉండదు, మెషీనూ ఉండదు. చిన్న కోత, మడమ బెణకడం లాంటివాటికి అమెరికాలో అర్జెంట్ కేర్ క్లినిక్‌లు చాలు. బ్రిటన్‌లో ఏం చేయాలో తోచకపోతే 111కు ఫోన్ చేసి అడగొచ్చు.

అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీని నొక్కుతూ రక్తం ఆడేలా చేయడం. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎంత మంచి ఊళ్లోనైనా అంబులెన్స్ అంతకన్నా ముందు మీ గదిలోకి రావడం కష్టం. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. ఉలుకూ పలుకూ లేకపోతే ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, పది సెకన్లకు మించకుండా ఛాతీ వైపు చూడండి. చాలామంది మోసపోయేది ఇక్కడే. గుండె ఆగిన మనిషి కూడా కొద్దిసేపు ఆగి ఆగి ఎగశ్వాస తీస్తాడు, గురక లాంటి చప్పుడు చేస్తాడు. అది చూసి 'ఊపిరి ఉంది లే' అనుకుని ఊరుకుంటారు. అది ఊపిరి కాదు, మొదలు పెట్టాల్సిందే.

మంచం మీదుంటే గట్టి నేల మీదికి దించండి. పరుపు మీద నొక్కితే దిగేది పరుపే, ఛాతీ కాదు. ఛాతీ ఎముక కింది సగంలో, నడి మధ్యన, అరచేతి మడమ పెట్టి దాని మీద రెండో చెయ్యి వేయండి. మోచేతులు వంచొద్దు. మీ ఒంటి బరువంతా దించి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేకపోతే గుండెలోకి రక్తం నిండదు. నోటితో ఊపిరి ఇవ్వడం నేర్చుకున్నవాళ్లు 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదాలి. రానివాళ్లు ఆపకుండా నొక్కితే చాలు. పక్కటెముక పటుక్కుమన్నా ఆపొద్దు, అది అతుక్కుంటుంది. రెండు నిమిషాలకే చేతులు అలిసి లోతు తగ్గిపోతుంది, మీకు తెలియకుండానే. అందుకే రెండో మనిషి కావాలి, రెండు నిమిషాలకోసారి మారాలి.

ఆఫీసుల్లో, మాల్స్‌లో, ఎయిర్‌పోర్టుల్లో, కొన్ని అపార్ట్‌మెంట్ జిముల్లో గోడకు ఏఈడీ అని పెట్టె ఉంటుంది, అది ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే మెషీన్. మూత తీసి స్విచ్ వేస్తే అదే మాట్లాడుతుంది. బట్ట తీసి, చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి కాలర్ బోన్ (మెడ కింది అడ్డ ఎముక) కింద, ఇంకొకటి ఎడమ చంక కింద పక్కలకు అతికించాలి. ఆడవాళ్లయితే మనవాళ్లు జంకుతారు. జంకే సమయం కాదది, లోబట్ట కత్తిరించాలి, పుస్తెలతాడును ప్యాడ్‌కు తగలకుండా పక్కకు జరపాలి. షాక్ అవసరం లేకపోతే ఆ మెషీన్ షాక్ ఇవ్వదు కాబట్టి మీ చేతుల్లో తప్పు జరుగుతుందన్న భయం అక్కర్లేదు. ఏమైనా అయితే కేసు పెడతారేమోనన్న భయమూ ఉంటుంది. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లో సాయం చేసినవాళ్లను కాపాడే చట్టాలున్నాయి. జర్మనీలో అయితే చేయగలిగి కూడా సాయం చేయకపోవడమే నేరం.

ఊపిరి ఆడుతూ సోయి లేకుండా పడి ఉంటే సీపీఆర్ వద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నీళ్లు తాగించొద్దు. మింగలేని మనిషికి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఫిట్స్ వచ్చినా అంతే: చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, కాళ్లూ చేతులూ అదిమి పట్టడం, ఇవేవీ పనికిరావు. చుట్టూ తగిలేవి తీసేసి, తల కింద మెత్తటిది పెట్టి, టైం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే ఇంకొకటి వచ్చినా, మొదటిసారి వచ్చినా ఫోన్ చేయండి.

గొంతులో అడ్డం పడడం పసిపిల్లలున్న ఇళ్లలో ఎక్కువ. పాలమూరు ఇళ్లలో పల్లీలు లేని రోజుండదు, ఇక్కడికీ సూట్‌కేసు నిండా వస్తాయి. నాలుగేళ్లు దాటేదాక పిల్లలకు గింజ పల్లి పెట్టొద్దు, పొడి చేసి పెట్టండి. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, వీపు కొట్టొద్దు, నీళ్లు పోయొద్దు. మాట, దగ్గు, ఏడుపు ఏదీ బయటికి రాకపోతే ముందుకు వంచి వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు, రాకపోతే వెనక నిలబడి బొడ్డుకు కొంచెం పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు గుంజాలి. వచ్చేదాక మార్చి మార్చి ఇదే. గర్భిణికి పొట్ట మీద కాదు, ఛాతీ మీద. ఏడాది లోపు పాపకు పొట్ట నొక్కొద్దు: ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పెట్టి వీపు మీద 5, తిప్పి ఛాతీ మీద 5. కనిపించని దాని కోసం వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది.

వంటింట్లో నూనె చిందితే, పెనం తగిలితే 20 నిమిషాలు పారే చల్లటి నల్లా నీళ్ల కింద పెట్టండి. పైకి మంట తగ్గినా తోలు కింద వేడి ఉడికిస్తూనే ఉంటుంది, అందుకే అంతసేపు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. పసుపు, టూత్‌పేస్టు, నెయ్యి, ఐసు గడ్డ ఏవీ వద్దు. తర్వాత వంటింటి ప్లాస్టిక్ ఫిల్మ్ వదులుగా కప్పి, అరచేతి కన్నా పెద్దదైతే, మొహం, చేతుల మీదైతే ఆసుపత్రికి పోండి. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయడం అన్నిటికన్నా ప్రమాదం. స్టవ్ ఆపి మూత పెట్టేయాలి. చలికాలం కరెంటు పోయిందని బొగ్గుల కుంపటి, బార్బెక్యూ ఇంట్లో వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, తిప్పినట్టు ఉంటే ముందు బయటికి రండి, ఫోన్ బయటి నుంచి చేయండి.

ఎండాకాలం చెరువులు, జలపాతాలు. సాగర్ ఎడమ కాలువలో ఈత నేర్చుకున్నవాళ్లు నీళ్లంటే భయపడరు, అదే ఇబ్బంది. ఈ దేశాల్లో జూన్‌లో కూడా చాలా సరస్సుల నీళ్లు మంచులా చల్లగా ఉంటాయి. దూకగానే ఒళ్లు ఝల్లుమని నోరు తెరిచి గబుక్కున ఊపిరి పీలుస్తారు, నీళ్లలో ఆ ఒక్క పీల్పుతో ఎంత ఈతగాడైనా మునిగిపోవచ్చు. అలాంటప్పుడు ఒక నిమిషం వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలబెట్టుకోవాలి. మునుగుతున్నవాణ్ని కాపాడటానికి దూకితే ఇద్దరూ పోతారు, కర్ర, తాడు, ఖాళీ క్యాన్, ఏదైనా విసరండి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, భుజాన వేసుకుని తిప్పడం వద్దు. మునిగినవాళ్లకు కొరవడింది గాలి, అందుకే ఇక్కడ నోటితో ఊపిరి ఇవ్వడం తప్పనిసరి.

గల్ఫ్‌లో సైట్ల మీద పనిచేసేవాళ్లకు వడదెబ్బ. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు బయట ఎండలో పని నిషేధం, సూపర్‌వైజర్ చెప్పకపోయినా ఇది తెలిసుండాలి. మనిషి పిచ్చిపిచ్చిగా మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే నీడకు తెచ్చి బట్టలు వదులు చేసి ఒళ్లంతా తడిపి గాలి విసరాలి, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. బండి కోసం ఎదురు చూస్తూ కూర్చోవద్దు, చల్లార్చడం అప్పుడే మొదలవ్వాలి.

మందుల పెట్టె గురించి ఒక మాట. ఇంటి నుంచి తెచ్చుకున్న డోలో 650, అమెరికాలో కొనే టైలినాల్, జలుబుకు వాడే డేక్విల్ మూడింటిలోనూ అదే పారాసిటమాల్ ఉంటుంది, అమెరికా డబ్బా మీద అసిటమినోఫెన్ అని రాస్తారు. జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి అని కలిపి వేసుకుంటే మోతాదు దాటి కాలేయం దెబ్బతినొచ్చు. పెద్దవాళ్లకు రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు.

పిల్లల కాన్పుకు, మనుమల కోసం అమ్మానాన్నలు వస్తారు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు వస్తే 'గ్యాస్ పట్టింది' అని ఈనో తాగి పడుకుంటారు. బీపీ, షుగర్ ఉన్న మనిషి ఆ మాట అంటే నమ్మొద్దు, వెంటనే ఫోన్ చేయండి. మందు పడకపోవడం, రక్తస్రావం జబ్బులు లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగమని వాళ్లే చెప్పవచ్చు. మూతి ఒక పక్కకు జారినా, చేతులు చాపితే ఒకటి పడిపోతున్నా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతం. రక్తం గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కాబట్టి ఎప్పుడు మొదలైందో గడియారం చూసి రాసుకోండి. షుగర్ మాత్ర వేసుకుని అన్నం ఆలస్యమై వణుకు, చెమటలు వస్తే సోయి ఉన్నప్పుడే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. వాళ్లు వేసుకునే మందుల పేర్లు, మోతాదులు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి.

నేర్చుకోవడం ఎక్కడ? అమెరికాలో రెడ్ క్రాస్, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తరగతులుంటాయి, సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. బ్రిటన్‌లో సెయింట్ జాన్ అంబులెన్స్, బ్రిటిష్ రెడ్ క్రాస్. జర్మనీలో డ్రైవింగ్ లైసెన్స్ కావాలంటే 45 నిమిషాల చొప్పున 9 పాఠాల ప్రథమ చికిత్స కోర్సు ఎలాగూ తప్పదు. వీడియో చూస్తే సరిపోతుందనుకోవద్దు, ఎంత లోతు నొక్కాలో బొమ్మ మీద చేతులతో నొక్కితేనే తెలుస్తుంది. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండే భార్యకో భర్తకో ముందు నేర్పించండి, పగలంతా పాపతో ఉండేది వాళ్లే.

ఇక ఊరి సంగతి. మిర్యాలగూడ దగ్గర నాన్న పొలం కాడ పడిపోతే చాలా ఇళ్లలో మొదటి ఫోన్ 108కి కాదు, అమెరికాలో కొడుకుకు వస్తుంది. మీరు నిద్ర లేచి ఫోన్ ఎత్తేసరికి పది నిమిషాలు పోతాయి. విదేశం నుంచి 108 నేరుగా కలవదు. అందుకే ఇంట్లో ముందే చెప్పి పెట్టండి: ముందు 108, తర్వాత నాకు. పక్కింటివాళ్లవి, ఆటో అబ్బాయివి, కారున్న బంధువులవి మూడు నాలుగు నంబర్లు మీ ఫోన్‌లో ఉండాలి.

పాము కరిస్తే కోయడం, చీకడం, తాడుతో బిగించి కట్టడం, పసరు, మంత్రం ఏవీ వద్దని చెప్పండి. కరిచిన కాలును కర్ర కట్టి కదలనివ్వకుండా, నడిపించకుండా, విషానికి విరుగుడు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి తెలియదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలైతే కరిచిందని తెలియకపోయినా పరుగెత్తాల్సిందే. పత్తి చేనుకు మందు కొట్టి వచ్చి నోట్లో నురగ, చొంగ, చూపు మసక అయితే బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడగాలి, కడిగేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ మందు డబ్బా తప్పకుండా వెంట పట్టుకుపోవాలి, డాక్టరు విరుగుడు ఎంచుకునేది దాని మీద పేరు చూసే.