కడచూపు దక్కలేదని కుమిలిపోతున్న తమ్ముడికి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి నుంచి వచ్చి అమెరికాలో, న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటున్న ఓ తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఇక్కడే చదువుకున్నాడు. మొన్న అక్టోబరులో ఉద్యోగ వీసా హెచ్‌1బి మొదలైంది. డిసెంబరులో వాళ్ళ నాన్నగారు గుండెపోటుతో పోయారు. పాస్‌పోర్టులో కొత్త వీసా స్టాంపింగ్ లేదు. వెళ్తే మళ్ళీ ఎప్పటికి రాగలవో తెలీదని అందరూ ఆపేశారు. చిన్నాన్నగారి అబ్బాయి కొరివి పెట్టాడు. ఇతను వీడియో కాల్‌లో చూశాడు. "ఏమీ చెయ్యబుద్ధి కావడం లేదక్కా. ఉద్యోగం మానేసి ఇంటికి పోనా? అమ్మను ఇక్కడికే తెచ్చేసుకోనా?" అంటున్నాడు.

తమ్ముడూ, మాదీ పర్లాకిమిడే. నా తండ్రి పోయినప్పుడు నేనూ ఇక్కడే ఉన్నాను, పెద్దకర్మ నాటికి గానీ ఇల్లు చేరలేకపోయాను. అందుకే నీకు ఊరికే ఓదార్పు మాటలు చెప్పి పంపించలేను.

నువ్వు ఆగిపోయిన కారణం చిన్నదేం కాదు. ఇక్కడ ఉంటూనే చదువు వీసా నుంచి హెచ్‌1బికి మారినవాళ్ళు ఒకసారి దేశం దాటితే, వీసా ముద్ర పడితే గానీ తిరిగి రాలేరు. ఆంధ్ర, తెలంగాణలతో పాటు మన ఒడిశా కూడా హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ కిందికే వస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి హెచ్‌1బి వాళ్ళకు డ్రాప్‌బాక్స్, అంటే ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి ముద్ర వేయించుకునే వీలు, తీసేశారు, అందరూ ఇంటర్వ్యూకు వెళ్ళాల్సిందే. డిసెంబరులో ఎంతోమంది ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. దగ్గరి బంధువు పోతే అత్యవసర అపాయింట్‌మెంట్ అడిగే వీలుంది. కానీ అడిగినంత మాత్రాన ఇస్తారన్న భరోసా లేదు. ఏడుస్తూ, తిండి తినక, ఒక్క రాత్రిలో తీసుకున్న నిర్ణయం అది. నాన్న మీద ప్రేమ తక్కువై తీసుకున్నది కాదని మీ అమ్మకు తెలుసు. నువ్వూ నమ్ము.

కొరివి పెట్టలేదు కాబట్టి ఋణం తీరలేదని బాధపడుతున్నావు. దూరాన ఉన్నవాడికి, కబురు ఆలస్యంగా అందినవాడికి ఏం చెయ్యాలో కూడా మన పెద్దలు చెప్పే ఉంచారు. నెలనెలా మాసికం ఉంది, ఏడాదికి సంవత్సరీకం ఉంది, భాద్రపదంలో మహాలయ పక్షం ఉంది. మాసికం ఇక్కడే పెట్టుకోవచ్చు. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరాలయంలో పురోహితులను కలిసి మీ ఇంటి ఆచారం చెప్పు, ఎలా చెయ్యాలో చెబుతారు. నీ చేతులతో నువ్వు వదిలిన నువ్వులూ నీళ్ళూ నాన్నకు అందుతాయి. వీడియోలో చూసిన దృశ్యమే కళ్ళముందు తిరుగుతోందన్నావు కదా, చేతికి ఆ పని దొరికాక కాస్త నెమ్మదిస్తుంది. నాకు అలాగే నెమ్మదించింది.

ఇక ఉద్యోగం మానెయ్యడం సంగతి. ఇల్లు అమ్మడం, ఉద్యోగం వదలడం, ఊరు మారడం లాంటివి ఈ ఏడాది పెట్టుకోకు. దుఃఖంలో ఉన్న మనసుకు ఏ మార్పయినా మందులాగే కనిపిస్తుంది. హెచ్‌1బి మీద ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఇంటికి వెళ్ళిపోవాలనే నిశ్చయమైతే వెళ్ళు, అందులో తప్పేమీ లేదు. ఏడాది తిరిగాక, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతున్న రోజుల్లో నిర్ణయించుకుని వెళ్ళు.

అమ్మను తెచ్చేసుకోవడం నువ్వనుకున్నంత సులువు కాదు. హెచ్‌1బి వాళ్ళు తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెట్టలేరు. ఆ హక్కు 21 ఏళ్ళు నిండిన పౌరులకే ఉంది. విజిటర్ వీసా మీద వస్తే ఒక్కో రాకకు మామూలుగా ఆరు నెలలే. విజిటర్లకు అమ్మే ఇన్సూరెన్సుల్లో చాలావి ముందే ఉన్న బీపీ, షుగరుకు వర్తించవు. నువ్వు పొద్దున పోయి సాయంత్రం వస్తే, ఆవిడ అపార్ట్‌మెంటులో గోడలు చూస్తూ కూర్చోవాలి. భర్త పోయిన మనిషికి రోజూ పలకరించే ఇరుగుపొరుగు దూరం కావడం రెండో దెబ్బ. కొన్నాళ్ళు ఉండి వెళ్ళడానికి రమ్మను. ఇప్పుడే కాదు, ఆవిడ నోటితో ఆవిడ అడిగినప్పుడు.

ఈలోగా అమ్మకు నీ వల్ల కావలసిన పని బోలెడుంది. మన సరిహద్దు ఊళ్ళలో తెలుగు ఇళ్ళకు అసలు చిక్కు కాగితాల్లోనే వస్తుంది. మరణం 21 రోజుల్లోపు నమోదవ్వాలి. ముప్ఫై రోజులు దాటితే పై అధికారి అనుమతి తేవాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. చిన్నాన్నగారు నమోదు చేయించారో లేదో ఈరోజే అడుగు. చేయించి ఉంటే సర్టిఫికెట్ ఫొటో పంపించమని, ఒక్కో అక్షరం చూడు. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక పడుతుంది. ఒడియాలో రాసిన పేరు ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఇంకోలా మారుతుంది. ఆధార్, బ్యాంకు, సర్వీసు రికార్డు మూడింటితోనూ సరిపోవాలి. వారసుల సర్టిఫికెట్ తహసీల్దారు ఆఫీసులో ఇస్తారు. నాన్నగారు బడిపంతులు కాబట్టి అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అది మొదలయ్యాక ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలని గుర్తుంచుకో. నీ సంతకం కావలసినచోట చిన్నాన్నగారికి పవరాఫ్ అటార్నీ పంపొచ్చు. న్యూయార్క్ భారత కాన్సులేట్ ద్వారా చేయించు, లేదా నోటరీ చేయించి, దాని మీద అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించు. అది ఇండియాకు అందిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. ఈ ముక్క చాలామంది మరిచిపోతారు.

మా ఇంట్లో ఒడియా కాగితాలన్నీ నాన్నే చూసుకునేవారు. అమ్మ తెలుగు మీడియంలో చదివింది. బజారులో ఒడియా గలగలా మాట్లాడేది, చదవడం మాత్రం రాదు. నాన్న పోయాక కరెంటు బిల్లుకు కూడా ఒకరిని బతిమాలాల్సి వచ్చేది. ఒకరోజు పక్కింటి ఒడియా పిల్లను కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల పలక మీదే అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. తొలిసారి తహసీల్దారు ఆఫీసుకు తనే రాసిన అర్జీ నాకు ఫొటో తీసి పంపింది. గుండ్రంగా, పెద్ద పెద్ద అక్షరాలు, చివరి వరుస గీత దాటి అంచు దాకా పోయింది. తర్వాత్తర్వాత వీధిలో ఆడవాళ్ళు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను ఫారాలు పట్టుకుని మా అరుగు మీదికి రావడం మొదలైంది. నాన్న ఉండగా మా అమ్మలో ఈ మనిషి ఉందని మాలో ఎవరికీ తెలియదు. నాన్న పోవడం మంచికే జరిగిందని ఎవరూ అనలేరు, నేనూ అనను. ఆయన లేని ఇంట్లో కూడా ఆవిడ కొత్తగా బతికింది. మీ అమ్మకు ఆ అవకాశం ఇవ్వు. అన్నీ నువ్వే ఫోన్లో చక్కబెట్టెయ్యకు.

మన ఊరివాళ్ళం కాబట్టి వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారిని తలుచుకోకుండా ఉండలేను. ముప్ఫై ఏళ్ళ పాటు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ రోజుల్లో మలేరియా జ్వరానికి వాడిన క్వినైను వల్ల వినికిడి పోయింది. 1936లో ఒడిశా ఏర్పడి ఊరు అటు వెళ్ళిపోతుంటే మనసొప్పక, డెబ్బై దాటిన వయసులో ఇల్లూ ఊరూ వదిలి రాజమండ్రి చేరారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ఊరు పోయినా ఆయన పని ఆగలేదు. మన వీధుల్లో తిరిగిన మనిషే ఆయన.

నీ ఒంటి సంగతి కూడా చూసుకో. మీ కంపెనీలో ఉద్యోగులకు కౌన్సెలింగ్ సాయం ఉందేమో హెచ్‌ఆర్‌ను అడుగు, చాలా కంపెనీలు కొన్ని సిట్టింగులు ఉచితంగా ఇస్తాయి. ఆప్తులు పోతే సెలవివ్వాలనే చట్టం అమెరికా మొత్తానికీ లేదు, అది కంపెనీ పాలసీని బట్టే. ఆ సెలవు వాడుకోకపోయి ఉంటే ఇప్పుడైనా అడిగి చూడు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఎంత రాత్రయినా ఇక్కడి ఆత్మహత్యల నివారణ నంబరు 988కి ఫోన్ చెయ్యి. అమ్మకు నిద్ర పట్టకపోతే ఇండియాలో మనసు బాగోలేనివాళ్ళకు ప్రభుత్వ ఫోన్ సాయం, 14416 టెలీ మానస్, ఉంది. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఏడాది సూతకమని పాటలు, స్నేహితులు అన్నీ మానేశానన్నావు. పండగలు మానుకో, మనుషుల్ని మాత్రం మానుకోకు. శనివారం ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్ళు, నాన్న గురించి అడిగితే చెప్పు.

సంవత్సరీకానికి మాత్రం నువ్వు ఊళ్ళో ఉండాలి. తిథి ఏ రోజు పడుతుందో పురోహితుడిని అడిగి, ఆ తేదీ పట్టుకుని ఈ వారమే కంపెనీ లాయరుతో మాట్లాడు. నియమాలు నెలనెలా మారుతున్నాయి కాబట్టి నా మాట కంటే ఆయన మాటే విను. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ తేదీ దొరికాకే టికెట్ కొను. తిరిగి రావడం ఆలస్యమైతే ఏం చెయ్యాలో మేనేజరుతో ముందే మాట్లాడుకుని, ఆయన ఒప్పుకున్నది మెయిల్‌లో రాయించుకో. విశాఖలో దిగితే పలాస దాకా రైలుంది, అక్కడి నుంచి పర్లాకిమిడికి బస్సులు దొరుకుతాయి. అమ్మకు ఏం తేవాలో నన్నడగకు, ఆవిడకే ఫోన్ చేసి అడుగు.