పదకొండేళ్ల బాబుకు కొలెస్ట్రాల్ పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. ఎత్తు 145 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. మెడ వెనుక నల్లబడింది, ఎంత రుద్దినా పోవడం లేదు. పిల్లల డాక్టరు గారు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించమన్నారు. మా మామగారికి 48వ ఏట గుండెపోటు వచ్చింది. అయినా ఎదిగే వయసులో ఒళ్లు దానంతటదే కరుగుతుందని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఇంత చిన్న వయసులో రక్తనాళాల జబ్బు ఉంటుందా?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, మీ డాక్టరు గారి సలహా సరైనదే, ఆ పరీక్షలను వాయిదా వేయకండి. గుండెపోటు నడివయసులో వచ్చినా, దానికి మూలమైన కొవ్వు ధమనుల లోపలి పొరలో చేరడం బాల్యంలోనే మొదలవుతుంది. అమెరికాలోని బొగలూసా పట్టణంలో పిల్లల ఆరోగ్యాన్ని 1970ల నుంచి దశాబ్దాల పాటు గమనించిన వైద్యులు, వారిలో ప్రమాదాల వంటి కారణాలతో చనిపోయిన వారి ధమనులను పరిశీలించి, బతికి ఉండగా బరువు, రక్తపోటు, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారిలోనే కొవ్వు చారలు ఎక్కువగా ఉన్నట్టు గుర్తించారు. ఈ దశలో నొప్పి గానీ మరే బాధ గానీ ఉండదు.

మెడ మీది నలుపు మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు, కాబట్టి దయచేసి రుద్దకండి. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదు, అంటే మీ బాబుకు 72 సెంటీమీటర్ల లోపే ఉండాలి. తాతగారికి 55 ఏళ్ల లోపే గుండెపోటు రావడం కూడా లెక్కలోకి తీసుకోవలసిన విషయమే. ఎల్‌డీఎల్ 110 లోపు ఉంటే మంచిది, 130 లేదా అంతకు మించితే ఎక్కువ. అయినా మందులు అవసరమయ్యేది చాలా కొద్దిమంది పిల్లలకే. మెడ ధమని మందం కొలిచే స్కాన్ ఇప్పుడు అవసరం లేదు, దానికి డబ్బు ఖర్చు పెట్టకండి.

ఒళ్లు దానంతటదే కరుగుతుందనే నమ్మకంతో కూర్చోవద్దు. ఈ వయసులో పెరిగిన ఊబకాయం చాలామందిలో పెద్దయ్యాక కూడా ఉండిపోతుంది. కానీ చిన్నప్పుడు లావుగా ఉండి, పెద్దయ్యేసరికి ఊబకాయం నుంచి బయటపడిన వారికి, ఎన్నడూ లావుగా లేనివారితో దాదాపు సమానమైన ముప్పే ఉంటుందని 2011లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. నాకు ధైర్యాన్నిచ్చే విషయం ఇదే, మీరూ దీన్నే పట్టుకోండి.

పస్తు పెట్టవద్దు. బరువు పెరగకుండా ఆపి, ఎత్తు పెరగనివ్వడమే తొలి లక్ష్యం. ఉగ్గాని తిననివ్వండి, పక్కన బజ్జీలు మాత్రం రోజూ వద్దు. రాగి సంగటి ముద్ద చిన్నది చేసి, ఆకుకూర పప్పు ఎక్కువ పెట్టండి. కూల్‌డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోకే తేకండి, ఈ నియమం పెద్దలకూ వర్తించాలి, ఎందుకంటే బాబుకు ఒక్కడికే వేరు కంచం పెడితే అది శిక్షలా ఉంటుంది. ఎండ తగ్గాక రోజూ గంటసేపు పరుగెత్తి ఆడాలి, అందుకు ట్యూషన్ వేళ మార్చవలసి వస్తే మార్చండి.

బీపీ చూసేటప్పుడు చేతి లావుకు సరిపడే పట్టీ వాడమని అడగండి. పట్టీ చిన్నదైతే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన కంగారు పడక, వేర్వేరు రోజుల్లో మరో రెండుసార్లు చూపించండి.