కరపత్రంలో మారియో బొమ్మ వేయవచ్చా?

ప్రశ్న: మేము తెనాలిలో అబాకస్, వేదగణితం నేర్పే చిన్న శిక్షణ కేంద్రం నడుపుతున్నాం. వేసవి బ్యాచ్‌ల కోసం కరపత్రాలు, నాలుగు పేజీల రంగుల బ్రోచర్ అచ్చు వేయించబోతున్నాం. పిల్లలు ఇట్టే గుర్తుపడతారని డీటీపీ అబ్బాయి వీడియో గేముల్లోని సూపర్ మారియో, పికాచు పాత్రల బొమ్మలతో డిజైన్ చేసి ఇచ్చాడు. మేము వీడియో గేములు గానీ బొమ్మలు గానీ అమ్మడం లేదు. చిత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికినవే. అడుగున ‘ఈ పాత్రల హక్కులు వాటి యజమానులవే’ అని కూడా వేస్తున్నాం. అంతగా భయమైతే టోపీ రంగు మారుస్తానంటున్నాడు. ఇందులో చట్టపరమైన చిక్కేమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉంది. ఇంకా అచ్చుకు ఇవ్వలేదు కాబట్టి ఆ బొమ్మలు తీసేస్తే సరిపోతుంది.

గేములు అమ్మడం లేదు కాబట్టి ఎవరి వ్యాపారానికీ అడ్డు రావడం లేదన్నది మీ వాదన. చట్టం దీన్ని దాదాపు తిరగేసి చూస్తుంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం గీసిన బొమ్మ ఒక కళాకృతి. దాన్ని ఏ రూపంలోనైనా ప్రతులు తీసే హక్కు 14వ సెక్షన్ కింద యజమానిదే. మారియో, పికాచు జపాన్‌లో పుట్టిన పాత్రలే అయినా, ఆ దేశమూ మనమూ కాపీరైట్‌కు సంబంధించిన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో సభ్యులం కావడం వల్ల వాటికి ఇక్కడ కూడా మన చిత్రకారుడు గీసిన బొమ్మకు ఉన్నంత రక్షణ ఉంటుంది. ఇక మినహాయింపులు చెప్పే 52వ సెక్షన్‌లో ‘న్యాయమైన వినియోగం’ అనే మాట ఉంది గానీ అది సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన వార్తల వంటి వాటికే పరిమితం. ఈ పత్రికలో ఎవరైనా ఒక మారియో గేమును సమీక్షిస్తూ అందులోని ఒక దృశ్యాన్ని చిన్నగా ప్రచురిస్తే ఆ సెక్షన్ నీడ దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ మాట్లాడుతున్నదే ఆ గేము గురించి. మీ బ్రోచర్‌లో విషయం అబాకస్. మారియోకు అక్కడ ఉన్న పని తల్లిదండ్రులను మీ గుమ్మం దాకా తీసుకురావడం ఒక్కటే. స్కూలు సంచుల మీద, దుస్తుల మీద, తినుబండారాల పొట్లాల మీద తమ పాత్ర కనిపించడానికి యజమానులు లైసెన్సు ఇచ్చి రుసుము తీసుకునేది సరిగ్గా ఈ పనికే. కాబట్టి పాత్రకూ సరుకుకూ సంబంధం లేకపోవడం మీకు రక్షణ కాకపోగా, సమీక్ష, విమర్శ అని చెప్పుకునే దారిని కూడా మూసేస్తుంది.

టోక్యో వీధుల్లో గో-కార్టులు అద్దెకిచ్చే ఒక సంస్థ ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ సంస్థ అద్దెకు వచ్చినవారికి మారియో తదితర పాత్రల వేషాలు కూడా ఇచ్చి, ఆ వేషాలున్న చిత్రాలను తన ప్రచారంలో వాడుకుంది. మారియో హక్కుదారైన నింటెండో కంపెనీ 2017లో దావా వేసింది. 2018లో టోక్యో జిల్లా కోర్టు కోటి యెన్‌ల పరిహారం చెల్లించమంది. 2020 జనవరిలో మేధో సంపత్తి హైకోర్టు దాన్ని 5 కోట్ల యెన్‌లకు పెంచింది. అదే ఏడాది చివర్లో అక్కడి సుప్రీంకోర్టు అప్పీలును తోసిపుచ్చింది. గమనించవలసిందేమిటంటే, ఆ తీర్పు ప్రధానంగా నిలిచింది కాపీరైట్ మీద కాదు, అనుచిత పోటీని నివారించే చట్టం మీద. మన దగ్గర కూడా 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ఉంది. పేరున్న గేము పాత్రల పేర్లు, రూపాలు చాలావరకు ట్రేడ్‌మార్కులుగా కూడా నమోదై ఉంటాయి. కాపీరైట్ నుంచి ఎలాగో తప్పించుకున్నా ఆ రెండో చట్టం ఎదురవుతుంది.

పాత్ర కాకుండా గేము తీరును మాత్రమే వాడుకున్నా వివాదం తప్పలేదు. బ్రిటన్‌లో వచ్చిన ఒక కిట్‌క్యాట్ ప్రకటనలో, 1976 నాటి ‘బ్రేకౌట్’ అనే అటారీ కంపెనీ గేములో మాదిరిగా బంతి తగిలి ఇటుకలు రాలిపోతుంటాయి, కాకపోతే ఇటుకల స్థానంలో చాక్లెట్ ముక్కలు. అటారీ 2017లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో కిట్‌క్యాట్ ప్రకటన ఇచ్చిన నెస్లే మీద దావా వేసింది. విచారణ దాకా పోకుండా ఇద్దరూ రాజీపడ్డారు. అంత పెద్ద కంపెనీకే ఆ తలనొప్పి తప్పలేదు.

ఇక మీ డీటీపీ అబ్బాయి చెప్పిన ఉపాయాల సంగతి. ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిచ్చే వెబ్‌సైట్‌కు ఆ బొమ్మ మీద హక్కే లేనప్పుడు అది మీకిచ్చే అనుమతికి విలువ లేదు. అడుగున వేసే ఆ వాక్యమైతే మరీ ప్రమాదం: హక్కు ఇతరులదని తెలిసే వాడుకున్నారనడానికి మీ చేతి రాతే సాక్ష్యమవుతుంది. టోపీ రంగు మార్చడం గురించి 1996లోనే ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన ‘నాగరాజ్’ కేసు చూడండి. హిందీ కామిక్స్‌లో నాగరాజ్ అనే వీరుడికి పోటీగా మరో ప్రచురణ సంస్థ ‘నాగేశ్’ను దించింది. పేరు వేరు. అయినా పాము చర్మాన్ని తలపించే ఆ ఆకుపచ్చ దుస్తులు, పాములాంటి నడుము పట్టీ ఇద్దరికీ ఒకటే కావడంతో కోర్టు నాగేశ్‌ను ఆపింది. మన తెలుగు సినిమాకు కూడా ఇలాంటి అనుభవం ఒకటి ఉంది. ‘దబాంగ్’లోని చుల్‌బుల్ పాండే పాత్రను ‘సర్దార్ గబ్బర్‌సింగ్’లో వాడుకున్నారంటూ 2016లో బొంబాయి హైకోర్టుకు వెళ్లినప్పుడు, కోర్టుకు రావడంలో ఆలస్యం జరిగిందని నిషేధం ఇవ్వలేదు గానీ, విలక్షణమైన పాత్రకు రక్షణ ఉంటుందన్న సూత్రాన్ని న్యాయమూర్తి అంగీకరించారు. అయినా, పిల్లలు గుర్తుపట్టాలనే కదా మీరు ఆ బొమ్మ కోరుకున్నది! గుర్తుపట్టలేనంతగా మారిస్తే మీకు ఉపయోగం లేదు, గుర్తుపట్టేలా ఉంచితే అవతలి వకీలుకు కష్టం లేదు.

కృత్రిమ మేధతో గీయించినా ఫలితం అంతే. గీసింది యంత్రమైనా బొమ్మ మారియోనే, అచ్చు వేయించింది మీరే.

మీ ఊళ్లోనే ఒక చిత్రకారుడి చేత పూసలచట్రం పట్టుకున్న ఉడతనో, లెక్కలు చేసే చిలుకనో గీయించుకోండి. అయితే డబ్బు ఇచ్చి రసీదు తీసుకున్నంత మాత్రాన హక్కు మీదైపోయిందనుకోవద్దు. బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని తీసుకుంటుంది. ఏడాదిలోగా వాడకపోతే హక్కు వెనక్కి పోతుందనే నిబంధన కూడా ఉంది కాబట్టి అది వర్తించదని స్పష్టంగా రాయించుకోండి. ఈ మూడు విషయాలకూ మూడు వాక్యాలు చాలు, కానీ ఆ మూడూ ఉండాలి.

ప్రశ్న: నాకు కరీంనగర్‌లో ఆఫ్‌సెట్ ప్రెస్, ఫ్లెక్సీ మెషిను ఉన్నాయి. ఆర్డరిచ్చిన పార్టీ తెచ్చిన డిజైన్ వేసి ఇవ్వడమే మా పని. పుట్టినరోజు ఫ్లెక్సీల నుంచి పాల డెయిరీ ప్రకటనల దాకా ఇప్పుడు అన్నింటిలో గేము బొమ్మలే. కేసు వస్తే పార్టీ మీదే కదా?
— ఒక ప్రెస్ యజమాని

జవాబు: మీ మీద కూడా వస్తుంది. ప్రతి తీసిన చెయ్యి మీదే కాబట్టి 51వ సెక్షన్ కింద ఉల్లంఘన మీకూ అంటుతుంది. హక్కు ఉల్లంఘన అని తెలిసి చేస్తే 63వ సెక్షన్ ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. ఈ నేరం వారెంటు లేకుండా అరెస్టు చేయదగినదీ, బెయిలు హక్కుగా దొరకనిదీ అని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. అక్రమ ప్రతుల కోసమని తెలిసి ప్లేటు తయారుచేసినా, దగ్గర ఉంచుకున్నా 65వ సెక్షన్ విడిగా ఉంది. నిజంగా తెలియక చేసినవారికి 55వ సెక్షన్ కొంత ఊరటనిస్తుంది: అప్పుడు నష్టపరిహారం ఉండదు, నిషేధ ఉత్తర్వుతో పాటు లాభంలో కొంతో మొత్తమో కక్కవలసి ఉంటుంది. ఎవరిదో తెలియని పూలతీగ బొమ్మ విషయంలో ఆ మాట నమ్మవచ్చు. పికాచు ఎవరిదో తెలియదని చెబితే ఏ న్యాయమూర్తి నమ్ముతారు?

ఇంటి ముందు కట్టే పుట్టినరోజు ఫ్లెక్సీ దాకా కంపెనీలు సాధారణంగా రావు. అది సక్రమమని కాదు, వాటికి తీరిక లేక. డెయిరీ ప్రకటన సంగతి వేరు. అలాంటి పని వచ్చినప్పుడు లైసెన్సు పత్రం అడగండి. ఆర్డరు ఫారంలో ‘చిత్రాల హక్కులు నావే, వివాదం వస్తే ఖర్చు నేను భరిస్తాను’ అని పార్టీ సంతకం తీసుకోండి. ఆ సంతకం కేసును ఆపదు గానీ, మీకు పడిన ఖర్చును వారి నుంచి వసూలు చేసుకోవడానికి పనికొస్తుంది.

ప్రశ్న: అమెరికాలో మా తెలుగు సంఘం ఉగాది సావనీర్ తెస్తోంది. ఒక దంతవైద్యుడు ఇచ్చిన పూర్తి పేజీ ప్రకటనలో వీడియో గేము పాత్ర ప్యాక్‌మ్యాన్ పళ్లు తోముకుంటున్నాడు. మాది లాభాపేక్ష లేని సంస్థ. వేసుకోవచ్చా?
— సావనీర్ సంపాదక వర్గ సభ్యుడు

జవాబు: సంఘానికి లాభాపేక్ష లేకపోవచ్చు గానీ ఆ పేజీ వ్యాపార ప్రకటన, దానికి మీరు డబ్బు తీసుకుంటున్నారు. ప్రచురించినందుకు మీ బాధ్యత కూడా ఉంటుంది. సకాలంలో నమోదైన కృతి విషయంలో, నష్టం ఎంతో రుజువు చేయకపోయినా ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల దాకా, ఉద్దేశపూర్వకమని తేలితే 1,50,000 డాలర్ల దాకా పరిహారం విధించడానికి అక్కడి చట్టం వీలిస్తుంది. చిన్నవారిని పట్టించుకోరనుకోవద్దు: 2015లో సియాటిల్‌లో రెండు డాలర్ల టికెట్‌తో జరగవలసిన ఒక అభిమానుల పార్టీ ప్రకటనలో పికాచు బొమ్మలు వేసినందుకు పోకెమాన్ కంపెనీ ఫెడరల్ కోర్టుకు వెళ్లింది, పార్టీ రద్దయింది, నిర్వాహకుడు డబ్బు చెల్లించి రాజీ చేసుకోవలసి వచ్చింది. హక్కుదారు ఇచ్చిన అనుమతి పత్రం ఉంటే జతచేయమని, లేకుంటే బొమ్మ మార్చి పంపమని డాక్టరు గారికి ఇవాళే రాయండి. సావనీర్ అచ్చుకు వెళ్లే గడువు కూడా ఆ లేఖలోనే తెలియజేయండి.