సముద్రం దగ్గర డాబా మీద సోలార్ స్టాండుకి ఏ బోల్టులు?

విశాఖలో బీచ్‌కి అర కిలోమీటరులో డాబా, దాని మీద జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) స్టాండు, అల్యూమినియం ఫ్రేము ప్యానెళ్లు. బోల్టులన్నీ ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) వేయించెయ్యాలా అని ఒకరు అడిగారు. అక్కర్లేదు.

స్టాండు కాళ్లూ కమ్మీలూ కలిసేచోట హాట్ డిప్ గాల్వనైజింగ్ చేసిన, అంటే కరిగిన జింక్‌లో ముంచి పూత వేసిన, 8.8 గ్రేడు (బలాన్ని చెప్పే అంకె) ఉక్కు బోల్టులే మేలు. ఎస్సెస్ అంటే గట్టిదనుకుంటారు గానీ, మామూలుగా దొరికే ఎ2-70 రకం ఎస్సెస్ బోల్టు 450 మెగాపాస్కల్ దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. 8.8 అయితే 640 దాకా ఆగుతుంది. తళతళలాడే జింక్ ప్లేటింగ్ బోల్టు మాత్రం వద్దు. దాని పూత 5-8 మైక్రాన్లు, హాట్ డిప్ పూత దాదాపు 50. ఆ మందం వల్లే దీనికి మామూలు నట్టు ఎక్కదు, జోడీగా వచ్చిన నట్టే కొనండి. ఎక్కట్లేదని డై (మరలు కోసే పనిముట్టు) పెట్టి బోల్టుకి మళ్లీ మరలు తీయిస్తే పూత పోయినట్టే.

ప్యానెల్‌ని పట్టి ఉంచే క్లాంపులకి ఎస్సెస్ ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టు వేయండి, అదీ 316 రకం, అంటే ఎ4. అందులో 2-3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుగాలికి తట్టుకుంటుంది. మామూలు ఎస్సెస్ అయిన 304కి (అంటే ఎ2కి) గోధుమరంగు మరకలు పడతాయి, వాషరు సందుల్లో గుంటలూ పడతాయి. అయస్కాంతానికి అంటుకోకపోతే మంచి ఎస్సెస్ అంటారు కొందరు, నమ్మకండి. వేడి చేయకుండా కొట్టి తయారుచేసిన 304 బోల్టు కాస్త అంటుకుంటుంది, నాసిరకం ఎస్సెస్ అయిన 202 అంటుకోకపోయినా తుప్పు పడుతుంది. తల మీద ఎ4-70 అని ముద్ర చూసి తీసుకోండి.

ఎస్సెస్‌తో అసలు తలనొప్పి పట్టేయడం. ఇంపాక్ట్ గన్‌తో గబగబా బిగిస్తే మరలు రాసుకుని వేడెక్కి అతుక్కుపోతాయి. ఇక నట్టు ముందుకీ రాదు, వెనక్కీ రాదు, కోయాల్సిందే. నైలాక్ నట్టయితే (లోపల నైలాన్ రింగు ఉన్నది) మరీనూ. మరలకి కొద్దిగా యాంటీ సీజ్ పేస్టు రాసి, చేత్తో నెమ్మదిగా బిగించండి. పేస్టు రాసిన బోల్టు అదే టార్క్‌కి (తిప్పే బలానికి) ఎక్కువ బిగుసుకుంటుంది, అందుకని ప్యానెల్ మాన్యువల్లో ఉన్న అంకె దాటకూడదు.

రెండు వేరు లోహాలు ఉప్పు తేమలో ఆనుకుని ఉంటే ఒకటి త్వరగా తుప్పుపడుతుంది. అయినా అల్యూమినియం ఫ్రేముకి ఎస్సెస్ బోల్టు ఉంటే పెద్ద భయం లేదు. ఫ్రేము పెద్దది, బోల్టు చిన్నది కాబట్టి అల్యూమినియం నెమ్మదిగానే తినేసుకుపోతుంది. తిరగబడితేనే ప్రమాదం: పెద్ద ఎస్సెస్ పలకకి చిన్న ఇనుప బోల్టు బిగిస్తే బోల్టే బలవుతుంది. ఎస్సెస్ బోల్టు కింద మామూలు ఇనుప వాషరు వేసే అలవాటూ అందుకే మానాలి. ముందు వాషరు తుప్పుపట్టి రాలిపోతుంది, ఆ తర్వాత క్లాంపు వదులై గాలికి ప్యానెల్ ఊగుతుంది.