పెరటి ప్రశ్నలు: ఎండాకాలం టమాటా, మల్లె, బోరు నీళ్లు

టమాటా నిండా పూస్తోంది, పిందె మాత్రం పడటం లేదు. పూలు కాడ దగ్గర పసుపుపచ్చబడి రాలిపోతున్నాయి. రెండు పూటలా నీళ్లు పోస్తున్నాం, యూరియా కూడా వేశాం. ఏం తక్కువైంది?
– పాఠకురాలు, తాడిపత్రి

తక్కువైంది ఏమీ లేదండీ, ఎండే ఎక్కువైంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిపూట కూడా 25 కంటే కిందికి దిగకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు. పిందె కట్టని పువ్వును మొక్కే వదిలేస్తుంది. మే నెలలో మీ ఊరి ఎండకు ఏ మందు కొట్టినా ఇది ఆగదు. యూరియా ఆపేయండి. దానితో ఆకు పెరుగుతుంది, పెరిగిన ఆకు ఇంకా నీళ్లు అడుగుతుంది.

మధ్యాహ్నం ఆకులు వాలగానే చెంబు పట్టుకుని పరుగెత్తకండి. పొద్దు వాలాక తేరుకుంటే మొక్కకు ఏమీ కాలేదు. తెల్లవారాక కూడా వాలే ఉంటే మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉండి కూడా వాలిందంటే వేరు కుళ్లుతోంది, నీళ్లు ఆపాలి.

మీ వైపు పెరట్లో పరిచే నల్ల బండలు పెనంలా కాలుతాయి. కుండీ అడుగున రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వండి. పడమటి ఎండకు అడ్డంగా 50 శాతం షేడ్‌నెట్ కడితే మొక్క బతుకుతుంది, కాయలు మాత్రం ఆశించకండి. జూన్‌లో కొత్త నారు పోసుకోండి. ఈలోపు ఆ చోట గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర హాయిగా వస్తాయి.

వేరే ఇళ్లలో మల్లెలు దోసిళ్లకొద్దీ పూస్తున్నాయి, మా చెట్టుకు పది మొగ్గలు కూడా రావు. చెట్టు మాత్రం ఏపుగా ఉంది.
– పాఠకురాలు, ప్రొద్దుటూరు

ఆ ఏపే అసలు సంగతి. మల్లె కొత్త రెమ్మలకే మొగ్గ తొడుగుతుంది. నవంబరు చివరి నుంచి డిసెంబరులోపు మోకాలెత్తుకు కత్తిరించి, ఎండు రెమ్మలు తీసేసి, చెట్టు మొదట్లో రెండు తట్టల పశువుల ఎరువు వేసి ఉండాల్సింది. ఇప్పుడు అంత కోత పెట్టొద్దు. పూత అయిపోయిన రెమ్మల కొసలను మాత్రం నాలుగేసి ఆకుల మేర తుంచండి, కొత్త చిగుళ్లు వస్తాయి. వేపచెట్టు నీడలో ఉంటే ఎంత చేసినా దండగే, మల్లెకు రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి.

మొగ్గకు చిల్లు ఉండి, దారాల్లాంటి గూడు కనిపిస్తే అది మొగ్గతొలిచే పురుగు. అలాంటి మొగ్గలు తెంపి పారేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. ఎండలో నూనె కొడితే ఆకు మాడుతుంది.

బోరు నీళ్లకు కుండీల్లో మట్టి మీద తెల్లగా పేరుకుంటోంది, కరివేపాకు పసుపుపచ్చబడింది.
– పాఠకుడు, ఎమ్మిగనూరు

ముందు ఆకు తుంచి చూడండి. లేత ఆకు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువైన నీళ్లకు వేరు దాన్ని తీసుకోలేదు. ముదురాకులే ముందు పసుపైతే నత్రజని లోపం, పశువుల ఎరువు చాలు.

ఇనుముకైతే లీటరు మంచినీటిలో ముందు 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి సాయంత్రం పిచికారీ చేయండి, పది రోజులకు మరోసారి. నీళ్లు తుప్పురంగుకు తిరిగితే పారబోయండి, అది ఆకులోకి దిగదు. బట్టలకు, బండలకు మరక పడుతుంది, జాగ్రత్త. రోజూ చెంబెడు పోస్తే ఉప్పు పైనే నిలుస్తుంది. వారానికోసారి అడుగు చిల్లు నుంచి కారేదాకా పోయండి. ఇంట్లో ఫిల్టరు వదిలే వృథా నీళ్లు మొక్కలకు వద్దు, అవి బోరు నీళ్లకంటే ఉప్పన. మట్టి మీద రెండంగుళాలు శెనక్కాయ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది. కాండానికి తగలనివ్వకండి, చెదలు పడతాయి.

వంగ మొక్కలు పీకితే వేళ్ల నిండా బొడిపెలు. ఆ మడిలో మళ్లీ ఏం వేయాలి?
– పాఠకురాలు, గుంతకల్లు

వేసే ముందు మడిని ఎండలో ఉడకబెట్టండి. అవి మట్టిలో కంటికి కనిపించని నులిపురుగులు (నెమటోడ్లు) చేసే బొడిపెలు. శెనగ వేళ్లకుండే మంచి బుడిపె గోటితో గీకితే ఊడొస్తుంది. ఇది ఊడదు, వేరు తానే ఉబ్బి ఉంటుంది.

వేళ్లన్నీ ఏరి కాల్చేయండి. జానెడు లోతు తవ్వి, గడ్డలు చితక్కొట్టి చదును చేసి, ఆ లోతు నానేదాకా నీళ్లు పెట్టండి. పొడిమట్టిలో వేడి కిందికి దిగదు కాబట్టి ఈ తడే ముఖ్యం. మర్నాడు 25 నుంచి 50 మైక్రాన్ల తెల్ల పారదర్శక పాలిథిన్ షీటు మట్టికి అతుక్కునేలా పరిచి, అంచులు బెత్తెడు లోతు గాడిలో పూడ్చండి. చాలామంది నల్ల షీటు కప్పి పొరపాటు పడతారు. నల్లది తానే కాలుతుంది, తెల్లది ఎండను మట్టిలోకి వదిలి ఆవిరిని ఆపుతుంది. షీటు లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తుంటే సరిగ్గా బిగిసినట్టు. ఎక్కడైనా చిరిగితే వెంటనే టేపు అంటించండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి, అందుకే ఏప్రిల్ చివర మొదలుపెడితే వానలకు ముందే పని అవుతుంది.

తీశాక లోతుగా తవ్వొద్దు, అడుగున బతికిన పురుగులు పైకొస్తాయి. పైపైన వేపపిండి కలిపి ఈసారికి బంతి వేయండి. వంగ, టమాటా, బెండ మూడూ నులిపురుగుకు ఇష్టమే, వాటిని పక్కన పెట్టండి.

సొరపాదుకు అన్నీ గొడ్డుపూలే!
– పాఠకుడు, కడప

మొదట్లో వచ్చేవి మగపూలే, ఎండలకు ఇంకా ఎక్కువ వస్తాయి. పువ్వు కింద వేలెడు పిందె ఉంటే ఆడది. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అప్పుడు మగపువ్వు తెంపి, రేకలు ఒలిచి, పుప్పొడి ఆడపువ్వు మధ్య మెల్లగా రుద్దండి. తెల్లారాక చేస్తే ఆలస్యమైనట్టే.