టెక్ సందేహాలు: తక్కువ బడ్జెట్‌లో రోడ్ బైక్ చక్రాలు

ప్రశ్న: నాది 8 స్పీడ్ షిమానో క్లారిస్ గేర్ల రోడ్ బైక్, రిమ్ బ్రేకులు (చక్రం అంచునే పట్టేవి). నా బరువు 72 కిలోలు. ఆదివారాలు చంద్రగిరి మీదుగా వెళ్లి భాకరాపేట ఘాట్ ఎక్కి దిగుతుంటాను. మంచి చక్రాలు వేస్తే ఘాట్ తేలిగ్గా ఎక్కొచ్చని మిత్రులు అంటున్నారు. బడ్జెట్ 15 వేలు. బెంగళూరులో ఒకాయన 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ములున్న కార్బన్ చక్రాల సెట్ సెకండ్ హ్యాండ్‌లో ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ కార్బన్ సెట్ వద్దు. మీవి రిమ్ బ్రేకులు, మీరు దిగేది ఘాట్. దిగేటప్పుడు పుట్టే వేడంతా రిమ్ గోడల్లోకే వెళ్తుంది. అల్యూమినియం ఆ వేడిని చుట్టూ పంచి గాలికి వదిలేస్తుంది. కార్బన్‌లో పోగుల్ని పట్టి ఉంచే రెసిన్ (జిగురు) వేడికి మెత్తబడుతుంది, లోపల టైరులోని గాలి గోడల్ని బయటికి నెడుతూనే ఉంటుంది. గోడ ఉబ్బితే బ్రేకు అదురుతుంది, ముదిరితే రిమ్మే విచ్చుకుంటుంది. వాడిన రిమ్ములో లోపలి పొరలు విడిపోయి ఉన్నా పైకి కనిపించదు. డబ్బు మిగలడం కోసం ఆ ప్రమాదాన్ని కొనుక్కోకండి.

ఇక బరువు సంగతి. బైక్‌తో వచ్చిన చక్రాల జత సాధారణంగా 2200 నుంచి 2400 గ్రాములు ఉంటుంది. షిమానో ఆర్ఎస్100 లాంటి ప్రారంభ స్థాయి సెట్ 1900 గ్రాముల దగ్గర ఉంటుంది. అంటే తగ్గేది మహా అయితే అర కిలో. మీరు, బైక్, నీళ్లు అన్నీ కలిపి 85 కిలోలు అనుకుందాం. ఘాట్ ఎక్కడానికి 40 నిమిషాలు పడితే ఈ అర కిలో వల్ల కలిసొచ్చేది సుమారు 14 సెకన్లు. తిరిగే బరువు తగ్గితే రెట్టింపు లాభం అనే మాట వేగం పెంచే ఆ కొద్ది క్షణాలకే వర్తిస్తుంది. ఒకే వేగంతో ఎక్కుతున్నప్పుడు రిమ్ములో తగ్గిన గ్రాముకూ, సీసాలో తగ్గిన గ్రాముకూ తేడా లేదు.

టైర్ల లెక్క వేరు. బైక్‌తో వచ్చే బరువైన వైర్ బీడ్ (అంచులో ఇనుప తీగ ఉండే) టైర్లు తీసేసి కాంటినెంటల్ జీపీ 5000 తరగతి టైర్లు వేస్తే, రేణిగుంట రోడ్డు మీద గంటకు 28 కిలోమీటర్ల వేగంలో రెండు టైర్లూ కలిపి పది వాట్లకు పైగానే ఆదా అవుతాయి. ఘాట్ మీద వేగం తక్కువ కాబట్టి అది నాలుగైదు వాట్లకు తగ్గుతుంది. అయినా 200 వాట్లతో తొక్కే మనిషికి 40 నిమిషాల్లో దాదాపు నిమిషం కలిసొస్తుంది. అందుకే ముందు టైర్లు కొనండి. వాటిని తర్వాత ఏ చక్రాలకైనా వేసుకోవచ్చు.

కొనే ముందు బ్రేకు బిగించి ఉన్న చోట, వెనక చైన్ స్టేల (చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము గొట్టాల) దగ్గర టైరుకీ ఫ్రేముకీ మధ్య 4 మిల్లీమీటర్ల అలెన్ కీ దూర్చి చూడండి. ఇప్పుడున్న 25 మిల్లీమీటర్ల టైరు దగ్గరే అది తడుముకుంటూ వెళ్తుంటే 28 టైరు పట్టదు. పట్టేట్టుంటే 28 వేసి, మీ బరువుకు ముందు 70, వెనక 75 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. గాలి రాయిలా కొట్టించాల్సిన పని లేదు.

మరి చక్రాలు ఎప్పుడు మార్చాలి? రిమ్ అరిగినప్పుడు తప్పకుండా. స్టీలు స్కేలు అంచును బ్రేకు పట్టే గోడ మీద నిలువుగా ఆనించి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మధ్యలో సందులోంచి వెలుగు కనిపిస్తే గోడ లోపలికి అరిగింది. కొన్ని రిమ్ములకు అరుగుదల తెలిపే చిన్న గుంట ఉంటుంది, అది మాయమైనా అంతే. పనిలో పనిగా బ్రేక్ ప్యాడ్లు విప్పి చూడండి. రబ్బరులో తళతళలాడే అల్యూమినియం పలుకులు ఉంటే పిన్నీసుతో పీకేయండి. రిమ్మును గీకి తినేసేవి అవే.

మార్చేటప్పుడు అడగాల్సిన కొలతలు: హబ్ (చక్రం మధ్య భాగం) వెడల్పు ముందు 100, వెనక 130 మిల్లీమీటర్లు, క్విక్ రిలీజ్ (మీటతో బిగించే రకం). రిమ్ లోపలి వెడల్పు 17 లేదా 19 మిల్లీమీటర్లు. ఇప్పుడొచ్చే చాలా చక్రాలకు 11 స్పీడ్ ఫ్రీహబ్ (వెనక పళ్లచక్రాలు ఎక్కే భాగం) ఉంటుంది. మీ 8 స్పీడ్ క్యాసెట్ (పళ్లచక్రాల కట్ట) దాని మీద కూర్చోవాలంటే వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ (సందు నింపే రింగు) వేయాలి. అది మరిచిపోతే క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగ్ పూర్తిగా బిగిసినా క్యాసెట్ లొటలొటలాడుతుంది, గేర్లు ఒక్కటీ సరిగా పడవు. లాక్‌రింగ్‌కు 40 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి. తర్వాత వెనక డిరైలర్ (చైన్‌ను గేర్ల మీద జరిపేది) లోపలి లిమిట్ స్క్రూ చూసుకోవాలి. కొత్త హబ్‌లో క్యాసెట్ వెంట్రుకవాసి లోపలికి జరిగినా, ఘాట్‌లో పెద్ద పళ్లచక్రానికి మార్చగానే చైన్ స్పోకుల్లో పడుతుంది.

బేరింగుల్లో కప్ అండ్ కోన్ (విప్పి విడి బాల్స్ మార్చుకునే) రకానికే నా ఓటు. 15, 17 సైజు పల్చటి కోన్ స్పానర్లు, గ్రీజు, కొత్త బాల్స్ ఉంటే ఇంట్లోనే సర్వీసు అయిపోతుంది. వెనక హబ్‌కు పక్కకు 9 చొప్పున పావు అంగుళం బాల్స్ పడతాయి.

ప్రశ్న: నా బరువు 96 కిలోలు. డిస్క్ బ్రేక్ రోడ్ బైక్. పలమనేరు వైపు మొగిలి ఘాట్ దాకా వెళ్తుంటాను. వెనక చక్రం స్పోకులు మూడుసార్లు విరిగాయి. 20-24 స్పోకుల తేలికపాటి సెట్ కొనమంటున్నారు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీకు కావాల్సింది తేలికపాటి సెట్ కాదు, చేత్తో కట్టిన 32 స్పోకుల వెనక చక్రం. ముందుది బాగుంటే అలాగే ఉంచండి, సగం డబ్బు మిగులుతుంది.

విరిగిన స్పోకు ఎక్కడ తెగిందో చూశారా? హబ్ దగ్గర వంపులో, అదీ గేర్ల వైపు తెగుతుంటే అది అలసటతో తెగడం. బిగువు తక్కువగా, ఎగుడుదిగుడుగా ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ స్పోకు వదులై మళ్లీ బిగుస్తుంది. ఇనుప తీగను అటూఇటూ వంచి తెంపినట్టే ఉంటుంది దాని పరిస్థితి. మిగతా స్పోకులూ అంతే అలసి ఉంటాయి కాబట్టి ఒక్కోటి మార్చుకుంటూ పోతే లాభం లేదు.

హబ్ బాగుంటే అదే వాడండి. 32 రంధ్రాల రిమ్, మధ్యలో సన్నబడే 2.0-1.8-2.0 డబుల్ బటెడ్ స్పోకులు, ఇత్తడి నిపుళ్లు (స్పోకును రిమ్ముకు బిగించే మరలు) తీసుకోండి. సన్నని నడుము కాస్త సాగి, వంపు మీద పడే బరువును తగ్గిస్తుంది. అందుకే అవి లావు స్పోకులకంటే ఎక్కువ కాలం మన్నుతాయి. గేర్ల వైపు బిగువు 110 నుంచి 120 కేజీఎఫ్ (కిలోగ్రాముల బలం) ఉండాలి. టెన్షన్ మీటరు ఉన్న మెకానిక్‌కే ఇవ్వండి, చెన్నై దాకా పోవాల్సి వచ్చినా సరే. బెండు తీయడం మన దగ్గర చాలామందికి వచ్చు, బిగువు సమానంగా పెట్టడం వేరే పని. కట్టాక పక్కపక్క స్పోకుల్ని జతలుగా గుప్పిట పట్టి గట్టిగా నొక్కి, మళ్లీ బెండు సరిచూడాలి. పక్కకు ఊగడం అర మిల్లీమీటరు దాటకూడదు. 150 కిలోమీటర్లు తొక్కాక మరోసారి చూపించండి.

రెండు వైపులా స్పోకుల పొడవు వేరు. ఒక్కో పొడవులో రెండేసి అదనంగా అడిగి తీసుకుని చైన్ స్టేకు టేపుతో చుట్టి ఉంచుకోండి. ఆ కొలత స్పోకులు ఊళ్లో అడిగిన వెంటనే దొరకవు.

కొత్త హబ్బే కొనాల్సి వస్తే రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి యాక్సిల్: పాత డిస్క్ బైకులకు 135 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్, కొత్తవాటికి 12×142 త్రూ యాక్సిల్ (హబ్‌లోంచి దూర్చి బిగించే ఇరుసు). రెండోది డిస్క్ బిగింపు: సెంటర్‌లాక్ (డిస్క్‌ను ఒకే రింగుతో బిగించే) హబ్‌కు అడాప్టరుతో 6 బోల్టుల డిస్క్ పెట్టొచ్చు, 6 బోల్టుల హబ్‌కు సెంటర్‌లాక్ డిస్క్ పెట్టలేం.

ప్రశ్న: నాది 7 స్పీడ్, మరతో బిగించే ఫ్రీవీల్. క్యాసెట్ చక్రం పడుతుందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: పడుతుంది. 8, 9, 10 స్పీడ్ హబ్ మీద 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ వేసి 7 స్పీడ్ క్యాసెట్ ఎక్కించండి. షిఫ్టర్ (గేరు మార్చే మీట) మార్చక్కర్లేదు. ముందుగా ఫ్రేము వెనక వెడల్పు కొలిచి హబ్ దానికి సరిపోయేలా చూసుకోండి. ఫ్రీవీల్ హబ్‌లో కుడి బేరింగు బాగా లోపలికి ఉండటంతో ఆ వైపు యాక్సిల్‌కు ఊతం ఉండదు, గుంతల రోడ్ల మీద వంగుతుంది. క్యాసెట్ హబ్‌లో ఆ బెడద తగ్గుతుంది.

ప్రశ్న: పల్లేరు కాయలతో వారానికో పంచరు. ట్యూబ్‌లెస్‌కు మారనా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: రిమ్, టైరు రెండూ ట్యూబ్‌లెస్‌వే అయితే మారండి. పల్లేరు ముల్లు చేసే సన్న బెజ్జాన్ని సీలెంట్ (టైరులో పోసే ద్రవం) అప్పటికప్పుడే మూసేస్తుంది. 28 టైరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్లు పోయండి. మన ఎండలకు అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి వేసవిలో రెండు నెలలకోసారి వాల్వు కోర్ విప్పి మళ్లీ నింపాలి. హుక్‌లెస్ (టైరు అంచును పట్టే కొక్కెం లేని) రిమ్ అయితే గాలి 72.5 పీఎస్ఐ దాటకూడదు, అంటే 5 బార్. మామూలు ట్యూబు టైర్లు దాని మీద వేయకూడదు. ప్రెస్టా వాల్వుకు (రోడ్ బైకుల సన్నని వాల్వు) ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంచుకోండి, అది లేకపోతే దారిలో ఏ పంచరు షాపు పంపూ ఎక్కదు.